గట్టి స్ప్రింగు మాహాత్మ్యం

టర్బో కార్ల లోకంలో ఒక మతం ఉంది. దానికి దేవుడు బూస్టు, పూజారి ట్యూనరు, ప్రసాదం కొరియర్‌లో వచ్చే పార్సెలు. మూలమంత్రం ఒక్కటే: వాల్వ్ స్ప్రింగు ఎంత గట్టిదైతే ఇంజన్ అంత ఘనమైంది. ఎందుకని అడిగినవాడు నాస్తికుడు. ఎంత గట్టిది కావాలో లెక్క చెప్పమన్నవాడు అంతకన్నా పాపి.

ఈ మతానికి కొలువైన విగ్రహాల్లో మిత్సుబిషి 4జి63 ఒకటి. 1992లో వచ్చిన తొలి లాన్సర్ ఎవల్యూషన్ నుంచి తొమ్మిదో తరం దాకా ఎవో బానెట్ కింద కూర్చున్నది ఈ రెండు లీటర్ల ఇంజనే. నాలుగు సిలిండర్లు, ఒక్కోదానికి నాలుగు వాల్వులు, వెరసి 16 స్ప్రింగులు. అమెరికాలో ఎంఎస్ ముగించి, ఉద్యోగంలో చేరి, మొదటి బోనస్‌తో పాత ఎవో కొన్న మన కుర్రాణ్ణి ఊహించుకోండి. బూస్టు పెంచిన రాత్రే, తనకన్నా ముందు ఎవో కొన్న అన్నకు ఫోన్ కొడతాడు.

"అన్నా, బూస్టు పెంచిన. స్ప్రింగులు ఏవి వెయ్యాలె?"

"డబుల్ స్ప్రింగులు వెయ్యి తమ్మీ. అన్నిట్లకన్నా గట్టియి."

"ఎంత గట్టియి?"

"చేత్తోని నొక్కి చూడు. నొక్కుడు పడలేదంటే మంచియే."

"ఎంత ఎత్తుల బిగించాలె?"

"అదేంది? పెట్టెల ఎట్లొస్తే అట్ల పెట్టుడే!"

సంభాషణ అక్కడితో సరి. ఆ తర్వాత క్రెడిట్ కార్డు మాట్లాడుతుంది.

ఇంతకీ ఆ స్ప్రింగు చేసే పనేమిటి? వాల్వును తెరిచేది క్యామ్, మూసేది స్ప్రింగు. ఇంజన్ 7,000 ఆర్‌పీఎం మీద ఉంటే ప్రతి వాల్వూ నిమిషానికి 3,500 సార్లు, అంటే సెకనుకు 58 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. ఇందులో స్ప్రింగుకు రెండు వేర్వేరు బాధ్యతలున్నాయి. మూసి ఉన్న వాల్వును సీటు మీద అదిమి ఉంచడం ఒకటి. తెరిచిన వాల్వు క్యామ్ పట్టు వదిలి ఎగిరిపోకుండా వెనక్కి లాక్కురావడం రెండోది. మొదటిదానికి సీటు మీద ఎంత భారం ఉందో చూడాలి. రెండోదానికి వాల్వు పూర్తిగా తెరిచినప్పుడు ఎంత భారం ఉందో చూడాలి. మన మతస్థులు ఈ రెండింటినీ 'గట్టి' అనే ఒక్క మాటలో కలిపి రుబ్బేస్తారు.

బూస్టు దెబ్బ తగిలేది మొదటిదానికి. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోని గాలి ఒత్తిడి వాల్వు వీపు మీద పడి దాన్ని తెరవాలని చూస్తుంది. ఎంత బలంతో? ఇది తేల్చడానికి పదో తరగతి లెక్క చాలు. 4జి63 ఇన్‌టేక్ వాల్వు తల వ్యాసం 34 మి.మీ. వైశాల్యం సుమారు 9 చదరపు సెంటీమీటర్లు. బార్ బూస్టుకు దాని మీద పడేది 9 కిలోల పైచిలుకు. కుర్రాడు బూస్టును ఒక బార్ నుంచి ఒకటిన్నరకు పెంచాడనుకుందాం. కొత్తగా ఆపాల్సింది నాలుగున్నర కిలోలు. అదీ సిలిండర్ లోపల మామూలు వాతావరణ పీడనమే ఉందనుకుని, జాగ్రత్త కోసం పెంచి వేసిన లెక్క. ఓ మోస్తరు పుచ్చకాయను ఆపడానికి మనవాడు ప్రహరీ గోడ ఆర్డరిచ్చాడు.

వాల్వు తెరుచుకున్నాక దానికి రెండు పక్కలా ఒత్తిడి దాదాపు సమానమైపోతుంది, బూస్టు మాటే ఉండదు. అక్కడ శత్రువు వేగం. ఆర్‌పీఎం పెరిగితే వాల్వును వెనక్కి లాగడానికి కావాల్సిన బలం దాని వర్గంతో పెరుగుతుంది. 7,000 నుంచి 8,000కు పోతే వేగం 14 శాతం, భారం 30 శాతం. మరి మన కుర్రాడు రెడ్‌లైన్ పెంచాడా? లేదు. క్యామ్ మార్చాడా? లేదు. అంటే రెండో బాధ్యతకు అతనికి కొత్తగా ఒక్క కిలో కూడా అక్కర్లేదు. అయినా రెట్టింపు గట్టి స్ప్రింగు కొన్నాడు. వాపును చూసి బలుపనుకోవడమంటే ఇదే.

ఎగ్జాస్ట్ వాల్వు సంగతి ఈ మతంలో ఎవరూ ఎత్తరు. చిన్న టర్బో చేత పెద్ద పని చేయిస్తే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లోని ఒత్తిడి బూస్టును దాటిపోతుంది, కొన్నిసార్లు రెట్టింపు కూడా అవుతుంది. ఇన్‌టేక్ స్ట్రోక్‌లో ఆ తేడా అంతా ఎగ్జాస్ట్ వాల్వును వెనక నుంచి తోస్తుంది. టర్బో ఇంజన్‌లో నిజంగా కొలిచి చూడాల్సిన చోటు ఇదే. మానిఫోల్డ్‌కు ఒక సన్న గొట్టం బిగించి గేజ్ పెడితే తెలిసిపోతుంది. కాకపోతే గేజ్ అంకె చూపించి ఎవరి దగ్గరా డబ్బా కొట్టుకోలేం, అదీ దాని దురదృష్టం.

ఇక పెట్టెల మీది రాతలు. '800 హార్స్‌పవర్ దాకా తట్టుకుంటుంది' అని ఒక పెట్టె హామీ ఇస్తుంది. హార్స్‌పవర్ అంటే ఏమిటో స్ప్రింగుకు తెలియదు. దానికి తెలిసినవి మిల్లీమీటర్లు, కిలోలు, సెకనుకు ఎన్నిసార్లు అన్నది. 5,500 ఆర్‌పీఎం దగ్గర 800 గుర్రాలు పుట్టించే పెద్ద ఇంజన్‌లో కాలు మీద కాలేసుకు కూర్చునే స్ప్రింగే, 9,000 దగ్గర 400 పుట్టించే చిన్న ఇంజన్‌లో చేతులెత్తేయొచ్చు. మరో పెట్టెలో నీలం రంగు చుట్టలు. ఒక రకం మరో రకంతో కలిసిపోకుండా గుర్తు కోసం రంగు వేసే అలవాటు స్ప్రింగుల తయారీలో ఉన్నదే. మనవాళ్లు దాన్ని గ్రహబలంగా తీసుకున్నారు. నీలం అంటే రేసు, ఎరుపు అంటే ఇంకా పెద్ద రేసు. వాల్వ్ కవర్ బిగించాక ఆ రంగును చూసేది ఇంజన్ ఆయిల్ ఒక్కటే.

ఎంత నొక్కితే అంత తోస్తుందని రాబర్ట్ హుక్ 1678లోనే అచ్చు వేయించాడు. అంటే స్ప్రింగు ఇచ్చే భారం దాన్ని ఏ ఎత్తులో బిగించామన్నదాన్ని బట్టే ఉంటుంది. మి.మీ.కు 4 కిలోల చొప్పున పెరిగే స్ప్రింగు అనుకోండి. సీటు మీద 30 కిలోలుంటే, క్యామ్ 10 మి.మీ. నొక్కినప్పుడు 70. అడుగున ఒక్క మి.మీ. షిమ్ము వేస్తే అవి 34, 74 అవుతాయి. కుర్రాడికి కావాల్సిన నాలుగున్నర కిలోల్లో నాలుగు ఒక రేకు బిళ్లలోనే దొరికాయన్నమాట. షిమ్ము మాత్రం ఊరికే ఇవ్వదు. వాల్వు పూర్తిగా తెరిచినప్పుడు చుట్టల మధ్య మిగిలే సందులోంచి ఆ మి.మీ.ను కోసుకుంటుంది. మొత్తమ్మీద ఒక మి.మీ. పైన సందు మిగలకపోతే చుట్టలు ఒకదానికొకటి ఆనుకుని స్ప్రింగు కాస్తా ఇనుప దిమ్మె అయిపోతుంది. అప్పుడు విరిగేది రాకరో క్యామో అన్నదే మిగిలిన చర్చ.

అందుకే పని తెలిసిన మెకానిక్ హెడ్డును బల్ల మీద పెట్టి, స్ప్రింగు ఉండాల్సిన చోట చిన్న మైక్రోమీటరు నిలబెట్టి, స్ప్రింగును పైనుంచి పట్టి ఉంచే రిటైనరు బిగించి, 16 చోట్లా ఎత్తు చూస్తాడు. ఏ రెండు చోట్లా ఒకే అంకె రాదు. తర్వాత ఒక్కో స్ప్రింగునూ టెస్టర్‌లో పెట్టి ఆ ఎత్తు దాకా నొక్కి ముల్లు చూస్తాడు. ఒకే పెట్టెలో కవలల్లా పడుకున్నవి కూడా ఒకే భారం చూపించవు. కాగితం మీద 16 గళ్లు గీసి అంకెలు రాసుకుని, ఎక్కడ ఏ షిమ్ము వెయ్యాలో సర్దుతాడు. ఆ కూలి బిల్లు చూసి మన కుర్రాడు "కొలిచినందుకే ఇంతా?" అని గుండె పట్టుకుంటాడు. స్ప్రింగులకు అంతకు ఎన్నో రెట్లు నవ్వుతూ ఇచ్చినవాడే.

గట్టిదనం ఎక్కడికీ పోదు, ఎవరో ఒకరు మొయ్యాలి. 4జి63లో రాకర్ల చివర నూనెతో పనిచేసే హైడ్రాలిక్ లాష్ అడ్జస్టర్లు ఉంటాయి. వాటి మీద మితిమీరిన భారం పెడితే లోపలి నూనె జారి అడ్జస్టరు కుంగుతుంది, వాల్వు తెరుచుకునే ఎత్తు ఆ మేరకు తగ్గుతుంది. బలానికని వేసిన స్ప్రింగు క్యామ్ ఇచ్చిన లిఫ్టునే తినేస్తుందన్నమాట. క్యామ్ లోబు ముక్కు మీద ముందు సన్న గీతలు పడతాయి, తర్వాత వేలితో తడిమితే గరుకు తగులుతుంది, ఆ తర్వాత ఆయిల్ ఫిల్టరు కోసి చూస్తే మెరుపులు కనిపిస్తాయి. స్ప్రింగు తీగ కూడా తక్కువది కాదు. తీగ 5 శాతం లావైతే స్ప్రింగు 21 శాతం బిగుస్తుంది, దాంతో పాటు బరువెక్కుతుంది. ఆ బరువును కూడా ఆడించాల్సింది స్ప్రింగే. కొన్ని వేగాల దగ్గర చుట్టలు తమలో తామే అలలుగా ఊగి, కాగితం మీది కిలోలన్నీ గాలికి పోతాయి. పైకి సన్నబడే తేనెపట్టు ఆకారపు స్ప్రింగులు పుట్టింది ఈ ఊగుడు తగ్గించడానికీ, పైన చిన్న రిటైనరుతో బరువు తగ్గించడానికీ. చూడ్డానికి బక్కగా ఉంటాయి కనుక మన మతంలో వాటికి గౌరవం తక్కువ.

గట్టి స్ప్రింగులు హార్స్‌పవర్‌ను మింగేస్తాయని ఎదురు మఠం వాళ్లు చేసే ప్రచారమూ అతిశయోక్తే. నొక్కడానికి పెట్టిన శక్తిలో చాలా భాగాన్ని మూసుకునేటప్పుడు స్ప్రింగు క్యామ్‌కు తిరిగి ఇచ్చేస్తుంది. పోయేది రాపిడి పాలయ్యేదే.

రేసు పేరు చెప్పి అమ్మేవాళ్లకు రేసు చరిత్ర కూడా కాస్త చెప్పాలి. ఫార్ములా వన్‌లో టర్బోలు రాజ్యమేలుతున్న 1986లో రెనో తన ఇంజన్‌లోంచి ఉక్కు స్ప్రింగులనే తీసేసి వాటి చోట ఒత్తిడి పెట్టిన గ్యాసును కూర్చోబెట్టింది. బూస్టుకు భయపడి కాదు, ఇంకా ఎక్కువ ఆర్‌పీఎం కోసం. డుకాటీ 1950ల నుంచీ వాల్వును మూయడానికి కూడా క్యామ్‌నే వాడుతూ వచ్చి, 2020లో మల్టీస్ట్రాడా కోసం చేసిన కొత్త వీ4 ఇంజన్‌లో మామూలు స్ప్రింగులకు మళ్లింది. అందులో వాల్వు క్లియరెన్సు చూడాల్సింది 60,000 కి.మీ.కు ఒకసారే. ఇక 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ విద్యుత్ కార్లు పరుగెత్తినప్పుడు ట్రాక్ మీద ఒక్క వాల్వు స్ప్రింగు కూడా లేదు, ఏ కారూ చిన్నబుచ్చుకోలేదు.

ఇదంతా చదివి, ఇరవై ఏళ్ల నాటి పాత స్ప్రింగుల మీద రెండు బార్ల బూస్టు వదిలి 'కంపెనీ స్ప్రింగులే చాలన్నారుగా' అని నా మీద పెట్టే పిసినారులకు కూడా ఒక మాట. వేడికీ, కోట్లసార్లు నలిగినందుకూ స్ప్రింగు కుంగుతుంది. కుంగిన స్ప్రింగు మీద ఆర్‌పీఎం పెంచితే వాల్వు క్యామ్‌ను వదిలేస్తుంది. ఆ సందును చూసి హైడ్రాలిక్ అడ్జస్టరు ఉబ్బి వాల్వును మూసుకోనివ్వదు. డైనో గ్రాఫు పై చివర రంపపు పళ్లలా తెగుతుంది. ట్యూనరు స్పార్క్ ప్లగ్గులు మార్చమంటాడు, ఆనక కాయిల్స్ మార్చమంటాడు. పిస్టన్ వాల్వును ముద్దాడిన రోజున అసలు సంగతి బయటపడుతుంది.

కాబట్టి అన్న మాట పక్కనపెట్టి అమ్మేవాణ్ణే అడగండి. ఏ ఎత్తులో ఎన్ని కిలోలు? నా క్యామ్ లిఫ్టుకు చుట్టల మధ్య ఎంత సందు మిగులుతుంది? ఏ ఆర్‌పీఎం దాకా, ఎంత బరువున్న వాల్వుతో పరీక్షించారు? జవాబుగా "రేస్ గ్రేడ్ సార్" అని మాత్రమే వస్తే డబ్బులు జేబులోనే ఉంచుకుని, ముందు మీ ఇంజన్‌లో ఉన్న 16 స్ప్రింగులనూ టెస్టర్ మీద పెట్టించండి.