ఏ రోగానికి ఎవరు

రావివలస ఎండల మల్లన్నకి నెత్తిన కప్పుండదు. అంతెత్తు లింగం ఎండకీ వానకీ అలాగే నిలబడి ఉంటుంది. రామాయణంలోని సుషేణ వైద్యుడు ఇక్కడే తనువు చాలించాడని స్థలపురాణం. అందుకే రోగులకి ఈ దేవుడంటే గురి. కార్తీక సోమవారం ఉద్దానం నుంచి వచ్చేవాళ్ళ చేతుల్లో కొబ్బరికాయతో పాటు మందుల సంచీ కూడా ఉంటుంది.

అలాంటి ఒక సోమవారం డయాలసిస్ చేసే కేరళ సిస్టరు ఒకామె కూడా వచ్చింది. వారం వారం ఆవిడ చేత సూది పొడిపించుకునే మామ్మే పట్టుబట్టి తీసుకొచ్చింది.

"మీకూ రోగానికో దేవుడు ఉంటాడేటమ్మా?"

"దేవుళ్ళు కాదు మామ్మా, పునీతులు. మన తరఫున దేవుడి దగ్గర మాట చెప్పమని వాళ్ళని అడుగుతాం."

"సిపారసా? అయితే అక్కడా అంతేనన్నమాట."

సిస్టరు నవ్వి లెక్క మొదలుపెట్టింది. కళ్ళకి లూసీ. ఆవిడది సిసిలీ, కానీ డిసెంబరు 13న ఆవిడ పేర దీపాలతో ఊరేగేది ఎక్కడో చలిదేశం స్వీడన్‌లో. గొంతుకి బ్లేజు. పాత ఆర్మేనియా బిషప్పు, క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ నగరానికి కాపుదారు. పోయిన వస్తువు దొరకాలంటే ఆంథోనీ. లిస్బన్‌లో పుట్టి, 1231లో పాదువా దగ్గర పోయాడు. రెండు ఊళ్ళూ మావాడంటే మావాడంటాయి. త్రిస్సూరులో సిస్టరు వాళ్ళమ్మ మంగళవారం కొవ్వొత్తి వెలిగించేదీ ఆయనకే.

పుట్టినచోట కంటే పరాయిచోట పరపతి ఎక్కువన్న సంగతి మామ్మకి వెంటనే ఎక్కింది.

"మా పలాస జీడిపప్పూ అంతే గదమ్మా. తినేవోలు బొంబాయిలో, కొట్టేవోలిక్కడ."

మామ్మ ముప్ఫై ఏళ్ళు పిక్కలు కొట్టిన మనిషి. పిక్కలోని జీడి తినేసి వేళ్ళు నల్లగా, నున్నగా అయిపోయాయి. డయాలసిస్ వాళ్ళకిచ్చే పదివేల పింఛను కోసం వెళ్తే మిషను మీద ముద్ర పడలేదు. ఆ తర్వాత లిస్టులో పేరే లేదు. ఎవర్నడిగినా ముందు నువ్వు నువ్వేనని రుజువు తెమ్మంటున్నారట.

"సరే గానమ్మా, కిడ్నీలకెవులున్నారు?"

చుట్టూ కూర్చున్నవాళ్ళు ఇటు తిరిగారు. ఉద్దానంలో ఎందుకొస్తుందో ఇప్పటికీ తేలని జబ్బు మరి.

"మార్గరెట్ అని ఉంది మామ్మా. కానుపులకీ, కిడ్నీ నొప్పులకీ ఆవిడే. ఇప్పటి టర్కీలో ఉన్న అంతియొకయ అమ్మాయి. గ్రీకువాళ్ళు మరీనా అంటారు. లండన్‌లో పార్లమెంటు పక్కనే ఆవిడ పేర చర్చి ఉంది. ఫ్రాన్సు జోన్ ఆఫ్ ఆర్క్ తనకి వినిపించాయన్న గొంతుల్లో ఆవిడదొకటి."

"పెద్ద తల్లే! పండగెప్పుడు?"

"జులై 20. కానీ 1969లో రోమ్ వాళ్ళు అందరూ పాటించే క్యాలెండరులోంచి ఆవిడ పేరు తీసేశారు."

"అయ్యో, ఏం తప్పు సేసినాది?"

"తప్పేం లేదు మామ్మా. ఆవిడ అసలు ఉందనడానికి సరైన రుజువుల్లేవని."

మామ్మ సిస్టరు వైపు జరిగింది.

"ఆయమ్మా జీడిపిక్కలే కొట్టినాదేటి సిస్టరమ్మా?"