అరవై రోజుల దయ

గడ్డి మందు తాగినవాణ్ని బతికించలేరా? మరి మీకు జీతాలెందుకు? ఆస్పత్రి వరండాలో కెమెరా కనబడగానే నాయకుడు డాక్టర్ల మీద ఇలాగే ఎగురుతాడు.

ఎగరండి సారూ. ముందు విరుగుడు పేరు చెప్పండి. తెలీదా? డాక్టరుకీ తెలీదు. అసలు లేదు కాబట్టి. పారాక్వాట్ అనే ఈ గడ్డి మందు 1962 నుంచీ బజార్లో ఉంది. అమ్మకం మీదున్న శ్రద్ధ విరుగుడు మీద ఎవడికుంది?

బొగ్గుపొడి పట్టిస్తారు. రక్తాన్ని వడకడతారు. స్టెరాయిడ్లు ఎక్కిస్తారు. ఇవి కచ్చితంగా కాపాడతాయని చెప్పేంత రుజువు లేదు. పోనీ ఆయాసానికి ఆక్సిజన్ పెడదామా? పెడితే ఊపిరితిత్తులు మరింత దెబ్బతింటాయి. అందుకే ఆయాసం చూస్తూ కూడా వెంటనే పెట్టరు. మొదట్లో రోగి కూర్చుని కబుర్లు చెబుతాడు. ‘నాకేం కాలేదు, ఇంటికి పోదాం పదండి’ అంటాడు. తర్వాత కిడ్నీలు మొరాయిస్తాయి. ఊపిరితిత్తులు గట్టిపడతాయి. తెలివి మాత్రం చాలామందికి చివరిదాకా ఉంటుంది. బిల్లు కట్టడానికి పుస్తెలతాడు తాకట్టుకు పోయిన సంగతి కూడా వింటాడు.

స్విట్జర్లాండ్ దీన్ని 1989లోనే వద్దంది. యూరప్ 2007లో తలుపులు మూసింది. ఆ తర్వాత కూడా బ్రిటన్‌లోని హడర్స్‌ఫీల్డ్‌లో ఏళ్ల తరబడి తయారు చేసి ఓడలెక్కించారు. చైనా తన రైతులకు ద్రావణం అమ్మకం 2016లో ఆపేసింది. ఎగుమతి? అబ్బే, అది వ్యాపారం! వాళ్ల పొలానికి విషం, మన పొలానికి టెక్నాలజీ.

‘వాంతి మందు కలిపాం, రంగేశాం, కంపు పెట్టాం, ఇంకేం చేయమంటారు?’ అంటాయి కంపెనీలు. అమ్మడం మానేయండి బాబూ. శ్రీలంక మానేసింది. చావులు తగ్గాయి, పంటలేం ఎండిపోలేదు.

ఇక్కడ యూరియా బస్తాకు వేలిముద్ర వేయాలి. ఈ గడ్డి మందు డబ్బా ఎందుకో అడిగే నాథుడుండడు.

‘మా చేతుల్లో లేదు, కేంద్రం చూడాలి’ అంటారు రాష్ట్రాలవాళ్లు. 1968 నాటి పురుగుమందుల చట్టం వాళ్లకిచ్చింది అరవై రోజుల నిషేధం, విచారణ తేలకపోతే మరో ముప్ఫై. మరి కేరళ 2011లోనే ఎలా ఆపిందట? అక్కడి మలయాళీలకు వేరే రాజ్యాంగముందా?

‘నిషేధిస్తే కూలీలు దొరకరు, రైతు నష్టపోతాడు’ అని ఇంకో దొంగ ఏడుపు. నిజమే, కలుపు కూలి రైతును పిండేస్తోంది. అందుకే కదా సాగు పనులకు ఉపాధి హామీని జోడించమని ఏళ్ల తరబడి మొత్తుకున్నారు! నిషేధం మీద సంతకానికి ఎన్నాళ్లు కావాలి సారూ? అరవై రోజులు చాలవా?