పెట్ట గొంతున్న పెట్టె

జానెడు పొడవు ఎర్ర సీడారు డబ్బాని నేను. పైన వాల్‌నట్ చెక్క మూత. దానికి ఒక కొసన ఒకే ఒక్క మర, రెండో కొసన పట్టుకుని ఆడించడానికి పిడి. పక్కగోడలు గట్టిగా నొక్కితే విరుగుతాయేమో అన్నంత పల్చన. మూత అడుగున సుద్ద రాసి, గోడ అంచు మీద ఒరుసుకునేలా జరిపితే ఆడ టర్కీ గొంతు వస్తుంది. మెల్లగా జరిపితే గుర్రుమంటాను, చిన్నగా తాటిస్తే టక్కుమంటాను, సాగదీసి లాగితే క్యావ్ క్యావ్ అని జతగాణ్ణి పిలుస్తాను. మీ ఊళ్ళలో కౌజుపిట్టల కోసం పంజరంలో పెంపుడు పిట్టను పెట్టి కూయించేవాళ్ళు చూడండి, ఆ దీమం పనే నాదీ. కాకపోతే దానికి గింజలు వెయ్యాలి, నాకు సుద్ద చాలు.

పుట్టింది అమెరికాలో, మిస్సోరీ రాష్ట్రం దక్షిణాన, ఓజార్క్ కొండల్లోని షానన్ కౌంటీలో. 1959 చలికాలం. చేసినాయన వడ్రంగి. ఇలాంటి పెట్టెకి ఆర్కన్సాస్ రాష్ట్రంలోని డార్డనెల్ ఊరివాడు హెన్రీ గిబ్సన్ 1897లోనే పేటెంటు తీసుకున్నాడు కాబట్టి నమూనాకి లోటు లేదు. శ్రుతి దగ్గరే వచ్చింది చిక్కు. గోడని కొంచెం గీకాలి, మూత లాగి వినాలి, మళ్ళీ గీకాలి. విన్నది సరైందో కాదో పోల్చుకోడానికి చుట్టుపక్కల పెట్ట ఉంటేగా! కుర్రతనంలో విన్న కూతని జ్ఞాపకంలోంచి తీసి నాలో పెట్టాడాయన.

పక్షులేమయ్యాయి అంటారా? కలప మిల్లులవాళ్ళు కొండల మీది పైన్ చెట్లు కొట్టుకుపోయారు. మిగిలిన నేలని పశువుల మేత కోసం ఏటా తగలబెట్టేవాళ్ళు. నేల మీద గుడ్లు పెట్టే పక్షి ఇది, మంటలో ఏం మిగులుతుంది? పైగా దొరికినవాడు దొరికినట్టు కాల్చి బజార్లో అమ్ముకున్నాడు. 1950ల మొదట్లో రాష్ట్రం మొత్తం వెతికినా రెండున్నర వేలు లేవంటారు. అంతకు ముందు ఫారాల్లో పెంచిన టర్కీలను ప్రభుత్వం వేలకొద్దీ అడవిలో వదిలి చూసింది. తల్లి వెంట తిరిగి భయమంటే ఏమిటో నేర్చుకోని పక్షులు నక్కల పాలయ్యాయి. 1954 నుంచి దారి మార్చారు. పెక్ రాంచ్ అనే చోట మిగిలిన అసలు సిసలు అడవి పక్షులకి మొక్కజొన్న చల్లి, అవి గుంపుగా తింటున్నప్పుడు మందుగుండుతో వల ఎగరేసి పట్టి, ఖాళీ అయిపోయిన అడవులకి మోసుకెళ్ళి వదిలారు. అవి నిలదొక్కుకున్నాయి. 1960లో మళ్ళీ వేట తెరిచారు: పద్నాలుగు కౌంటీలు, మూడే రోజులు. మొత్తం పడినవి 94. వాటిలో నా పిలుపుకి వచ్చింది ఒక్కటీ లేదు. ఇవాళ అదే రాష్ట్రంలో ఒక్క వసంతకాలంలోనే వేలకు వేలు పడుతున్నాయని ఆ వడ్రంగికి చెబితే నమ్మేవాడు కాదు.

నా వృత్తిలో ఉన్న తిరకాసు చెబుతాను. అడవిలో ఆచారం ఏమిటంటే, పుంజు కూస్తుంది, పెట్ట నడిచి వెళ్తుంది. వేటగాడికి కావలసింది దీనికి తల్లకిందులు. నేను పిలవాలి, పుంజు నడిచి రావాలి. అది ఎందుకొస్తుంది? చాలాసార్లు వంద గజాల అవతల ఆగిపోయి, తోక విసనకర్రలా విప్పి, రెక్కలు నేలకి రాసుకుంటూ, నువ్వే రావమ్మా అన్నట్టు గొబగొబమని కూస్తూ నిలబడుతుంది. కొత్తగా వేటకొచ్చినవాళ్ళు సరిగ్గా అక్కడే నన్ను ఎడాపెడా వాయిస్తారు. వాయించేకొద్దీ దానికి ధీమా, ఎలాగూ వస్తోందిలే అని. అదే నన్ను ఆకుల్లో పడేసి ఊరుకున్నారనుకోండి, దానికి అనుమానం మొదలవుతుంది. అరగంట పోయాక కూత కూడా మానేసి, మెడ సాచి, ఒక్కో అడుగే వేసుకుంటూ వెతుక్కుంటూ వస్తుంది. నా గొప్ప రోజులన్నీ నేను నోరు మూసుకున్న రోజులే. వాయిద్యంగా పుట్టినదానికి ఇంతకన్నా చిన్నతనం ఏముంది?

ఇప్పుడు నన్ను మోసేది ఆ వడ్రంగి మనవరాలు. ఏప్రిల్ మూడో సోమవారం సీజను తెరుస్తారు. టర్కీలు రాత్రి చెట్ల మీద నిద్రపోతాయి, వెలుగు రాగానే దిగుతాయి. అందుకని ఆమె చీకట్లోనే వెళ్ళి, తన భుజాల కన్నా వెడల్పున్న మాను చూసుకుని వీపు ఆనించి కూర్చుంటుంది. వెనక నుంచి ఇంకో వేటగాడు పొరబడి కాల్చినా మాను అడ్డం ఉంటుంది. ఎరుపు, తెలుపు, నీలం దారప్పోగు కూడా ఒంటి మీద ఉండనివ్వదు, జేబురుమాలుతో సహా. పుంజు తల రంగులు అవే మరి. పొదలో ఆ రంగు కదిలితే తొందరపాటు మనిషి వేలు ట్రిగ్గర్ మీదికి పోతుంది. వాసన పట్టడంలో టర్కీ మొద్దే గానీ చూపు మాత్రం మహా చురుకు. ముక్కు మీద దోమ వాలినా తోలుకోకూడదు.

తుపాకీ మోత గురించి నేను చెప్పగలిగింది తక్కువ. ఆ సమయానికి ఎక్కడో ఆమె తొడ పక్కన ఆకుల్లో ఉంటాను. నలభై గజాల లోపలికి వచ్చేదాకా ఆగుతుందనీ, తలా మెడా కలిసే చోటే గురి చూస్తుందనీ తెలుసు. ఒంటికి కాలిస్తే రొమ్ము నిండా సీసం గుళ్ళు, లేదా గాయంతో ఎగిరిపోయి ఎక్కడో చచ్చే పక్షి. పడిన పక్షికి అక్కడికక్కడే చీటీ కట్టి, ఆ రాత్రి పది లోపల వేట వ్యవహారాలు చూసే రాష్ట్ర ప్రభుత్వ శాఖవాళ్ళకి తెలియజేయాలి. మొదటి వారంలో ఒక్క పుంజుకి మించి కొట్టకూడదు.

ఇంట్లో నా చోటు ఫ్రిజ్ మీద. తేమ తగిలితే చెక్క ఉబ్బి నా గొంతు పోతుంది, వంటింట్లో అదొక్కటే పొడిగా ఉండే ఎత్తు. కాబట్టి పిలిచింది నేనే, వండటం చూసేదీ నేనే.

ముందు మెడ కింద ఉండే తిండిసంచి కోసి చూస్తుంది. క్లోవర్ ఆకులు, నిరుటి సింధూర కాయలు, పురుగులు ఉంటాయి. రేపు ఎక్కడ కూర్చోవాలో ఆ సంచి చెబుతుంది. వసంతంలో పుంజు రొమ్ము మీద మెత్తని కొవ్వుముద్ద ఒకటుంటుంది. పెట్టల ధ్యాసలో తిండి మానేసే రోజులకి అది దాచుకున్న నిల్వ. దాన్ని తీసి పారేస్తుంది. రొమ్ము రాత్రంతా ఉప్పునీళ్ళలో ఉంటుంది. పొద్దున్నే కండ పోగులకి అడ్డంగా ముక్కలు కోసి, చెక్కసుత్తితో కొట్టి పల్చన చేసి, మిరియాలు కలిపిన పిండిలో పొర్లించి, ఇనప మూకుడులో అటో రెండు నిమిషాలు, ఇటో రెండు నిమిషాలు. లోపల 74 డిగ్రీలు చేరగానే తీసెయ్యాలి. ఒంట్లో కొవ్వు లేని మాంసం, ఇంకో నిమిషం ఉంటే పీచయిపోతుంది.

అడవి టర్కీని నిలువునా ఓవెన్‌లోకి తోసేవాళ్ళంటే నాకు చిరాకు. కాళ్ళు ఉడికేసరికి రొమ్ము ఎండి కూర్చుంటుంది. వాళ్ళ మనసులో ఉన్నది థాంక్స్‌గివింగ్ నాడు బల్ల మీద కూర్చునే ఫారం టర్కీ. అది మెక్సికోలో మచ్చికైన జాతి. పదహారో శతాబ్దంలో స్పెయిన్‌వాళ్ళతో ఐరోపా వెళ్ళి, తర్వాత వలసవాళ్ళ ఓడల్లో తిరిగొచ్చింది. ఇప్పుడు రొమ్ము బరువుకి ఎగరలేదు, జతకట్టనూ లేదు. అది ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. మాది డబ్బు పోసినా దొరకదు. అడవి టర్కీ మాంసం అమ్మడం చట్టం ఒప్పదు. వేటాడాలి, లేదా వేటాడినవాళ్ళు ప్రేమగా ఇవ్వాలి.

ఇక కాళ్ళు. రోజంతా కొండలెక్కి దిగే పక్షి కాళ్ళలో ఎముకలంత గట్టి నరాలుంటాయి. వడ్రంగి కాలంలో అవి కుక్కల వంతు. వాటి జాతకం మారింది ఈ ఇంటికి అల్లుడొచ్చాకే. వారెన్స్‌బర్గ్‌లో ఎమ్మెస్ చదవడానికొచ్చిన గుంటూరు కుర్రాడు. నేనీ కథ తెలుగులో చెబుతున్నానంటే ఫ్రిజ్ మీద కూర్చుని అతని ఫోన్లు వినబట్టే.

"అమ్మా, కాలు ఉడకట్లేదే."

"ఎన్ని విజిల్స్ పెట్టావురా?"

"పది."

"నాటుకోడేనా?"

"అడవి టర్కీ. నీ కోడలు కొట్టింది."

అవతల కాసేపు ఉలుకూ పలుకూ లేదు. "అంత పక్షిని ఇంటికెలా మోసుకొచ్చిందిరా ఆ పిల్ల?" అని, వెంటనే అసలు సంగతిలోకి వచ్చింది. "మంట తగ్గించి గంట వదిలెయ్. ఎముక దానంతటది ఊడాలి. చింతపండు చివర్లో పొయ్యి. ముందే పోస్తే ముక్క బిగుసుకుంటుంది."

ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లితో కుక్కర్‌లో గంట పైనే ఉడికాక నరాలు ఒక్కొక్కటే చేత్తో లాగేశాడు. ఉల్లిపాయలు ఎర్రగా వేగాక ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి నూరిన ముద్ద వేసి, ఉడికిన నీళ్ళు పారబొయ్యకుండా వాటితోనే పులుసు పెట్టాడు. పక్కన గారెలు. రొమ్ము ముక్కలు వేయించిన మనవరాలు తన పళ్ళెం వదిలి ఈ గిన్నె దగ్గరికొచ్చింది. అప్పటినుంచి ఆమెతో వేటకొచ్చే స్నేహితులు తమ కాళ్ళు కూడా సంచుల్లో వేసి తెచ్చి ఇచ్చిపోతున్నారు. కాళ్ళిచ్చినవాళ్ళు భోజనానికి ఆగకుండా వెళ్ళరు, అది వేరే సంగతి.

అతను కూడా వేటకొచ్చాడు. 1967 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు ఈ రాష్ట్రంలో వేట శిక్షణ పాసవ్వాలి, పాసయ్యాడు. కదలకుండా కూర్చోవడమే చేతకాలేదు. వంటిల్లే నయమని నా అభిప్రాయం.

అక్టోబరు సీజనులో పెట్టలనీ కొట్టనిస్తారు. పోయిన అక్టోబరులో వచ్చిన పెట్ట రెక్కల ఎముకలను అతను సూపు గిన్నెలోంచి తీసి పక్కన పెట్టాడు. ఆమె వాటి కొసలు కోసి, మూలుగ పొడిచి, ఎండబెట్టి, సన్నదాన్ని లావుదానిలో దూర్చి జిగురుతో అతికింది. తెల్లవాళ్ళు రాకముందు నుంచీ ఈ నేల ఆదివాసులు చేసుకునే పిలుపు అది. పెదాల మధ్య పెట్టి గాలి లోపలికి పీలిస్తే పెట్ట గొంతు. చెక్కతో పలికేదాన్ని నేను, అదేమో పెట్ట ఎముకే. పైగా వానలో నేను మూగదాన్ని, దానికి వానా ఎండా ఒకటే. వచ్చే ఏప్రిల్‌లో అది చొక్కా జేబులోనట, నేను రొట్టెసంచిలో చుట్టుకుని వెనక జేబులోనట. వెళ్ళనివ్వండి. గాలి వీచే పొద్దున లోయ అవతలి పుంజుకి వినపడాల్సి వచ్చినప్పుడు ఏ జేబులో చెయ్యి పెడుతుందో చూద్దాం. దాని గొంతు మరీ పీల.