సేనాపతి గారి మునిమనవలు

శ్రీకృష్ణదేవరాయల సైన్యంలో సిపాయిలు లేరు. అందరూ సేనాపతులే. అనుమానముంటే బెజవాడ చుట్టుపక్కల ఈ మధ్య అచ్చవుతున్న వంశచరిత్రలు తిరగేయండి. ప్రతి ఇంటిపేరుకీ ఓ సేనాపతి తగులుతాడు. 1515 ప్రాంతంలో రాయలవారు గజపతుల చేతిలోంచి కొండవీడు, ఆ వెనకే కొండపల్లి లాక్కుంటుంటే అందరికన్నా ముందు గుర్రం మీదున్నది ఆయనే. ఆ గుర్రానికి గడ్డి కోసినవాడి సంతతి మాత్రం ఒక్కరూ దొరకరు. పాపం, వాడికి పెళ్లయినట్టు లేదు.

ఈ సేనాపతులకి ఇప్పుడు గిరాకీ పెరిగింది అమెరికా వల్ల. అక్కడికెళ్లిన మనవాళ్లు ఇల్లు కొన్నారు, రెండో ఇల్లూ కొన్నారు, పిల్లల కాలేజీ ఫీజులు కట్టేశారు. ఇక కొనడానికి మిగిలింది తాతలే. డిసెంబరు సెలవులకి దిగుతారు, బెజవాడ గుణదలలో ఏసీ కల్యాణమండపం మాట్లాడుకుంటారు, వంశవృక్షం ఆవిష్కరిస్తారు. దాయాదులంతా గట్టు తగాదాలు పక్కనపెట్టి, ఉలవచారు వడ్డించేదాకా ఓపిగ్గా కూర్చుంటారు.

వేదిక వెనక గోడంత ఫ్లెక్సీ. కాస్త దగ్గరికెళ్లి చూడండి. పైన సేనాపతి; మీసం జానపద సినిమాలోది, తలపాగా క్యాలెండర్లోది. ఆయన కింద మూడొందల ఏళ్ల ఖాళీ. అక్కడ మాను లావుగా గీసి సర్దేశారు. ఆ తర్వాత ముత్తాతలు, తాతలు, ఎకరాలతో సహా. మగపిల్లలకి ఆకుపచ్చ పెట్టె, పేరు, ఫొటో. ఆడపిల్లలకి తలా ఓ ఆకు. పెళ్లవగానే ఆ కొమ్మ నరికేశారు. కోడళ్లకి పసుపు పెట్టె, అందులో ‘ధర్మపత్ని’ అన్న ఒక్క మాట. పైనుంచి కిందికి వరసగా ధర్మపత్ని, ధర్మపత్ని, ధర్మపత్ని. ఒక్కావిడే అన్ని తరాలూ కాపురం చేసిందేమో అనిపిస్తుంది. అట్టడుగున సూట్లేసుకున్న వరస, పక్కన బంగారు రంగు అక్షరాలు: న్యూజెర్సీలో ఫలానా ఊరికి ‘ఫస్ట్ సెటిలర్ ఫ్యామిలీ’, 1994.

ఇదే కుటుంబాన్ని తెలంగాణ ఉద్యమం రోజుల్లో కూకట్‌పల్లిలో ఎవరో సెటిలర్లన్నారని వారం రోజులు అన్నం సయించలేదు. వీళ్ల తాతల తమ్ముళ్లు బోధన్ వైపు నిజాంసాగర్ కాలవ కిందా, సింధనూరు వైపు తుంగభద్ర నీళ్ల కిందా క్యాంపులేసుకుని బురదలో బతికిన సంగతి ఫ్లెక్సీ మీద లేదు. అది వలస. విమానమెక్కితేనే చరిత్ర.

అసలు సెటిలర్లకీ ఈ జబ్బు పాతదే. 1620లో మేఫ్లవర్ ఓడలో వెళ్లింది 102 మంది, తొలి చలికాలానికే సగం మంది పోయారు. మిగిలిన వాళ్ల వారసులు 1897లో సంఘం పెట్టుకున్నారు. ఇప్పుడు అందులో చేరాలంటే తరతరానికీ పుట్టుక, పెళ్లి, చావు కాగితాలతో రుజువు చేయాలి. ఆ తొలి సెటిలర్లకి మొక్కజొన్న వేయడం నేర్పింది వాంపనోగ్ తెగవాళ్లు. వాళ్లు ఆ చెట్టుమీద లేరు, మన చెట్టుమీద పాలేరు లేనట్టే. గుస్తావ్ ఆంజూ అని ఓ మహానుభావుడుండేవాడు, 1942లో పోయాడు. డబ్బున్న అమెరికా కుటుంబాలకి దొంగ వీలునామాలూ దొంగ రిజిస్టర్లూ చూపించి గొప్ప తాతల్ని అతికించేవాడు. ఒక్కో వంశానికి తొమ్మిది వేల డాలర్ల దాకా గుంజేవాడట. మన భట్రాజులు, వంశరాజులు తరాలు పొగిడి గింజలు పుచ్చుకున్నారని నవ్వుతాం గానీ, వాళ్ల రేటు ధర్మంగానే ఉండేది.

మనవాళ్లని కాగితం అడిగితే తిరుగులేని జవాబొకటుంది: బందరు ఉప్పెనలో పోయింది. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీద సముద్రం పడి ముప్పై వేల మంది దాకా చచ్చిపోయిన మాట నిజం. చిత్రమేమిటంటే, చచ్చిపోయిన ఆ జనంలో ఒక్కరూ ఏ ఫ్లెక్సీ మీదా కనబడరు. కొట్టుకుపోయిన కాగితాలు మాత్రం అందరివీ ఉన్నాయి. అంతకు ముందు 1832-33లో కృష్ణకి అవతల గుంటూరు సీమ డొక్కల కరువులో మాడిపోయింది. ఆ కరువులో గంజికి చెయ్యి చాచిన తాత కూడా ఎవరికీ లేడు.

దొరికే కాగితాలు భూమివి. కరణం రాసిన అడంగల్లో పట్టాదారు ఉంటాడు, శిస్తు ఉంటుంది. కలుపు తీసినామె ఉండదు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాల్నే తీసేసింది గానీ, వాళ్ల అలవాటు ఫ్లెక్సీల వాళ్లకి వారసత్వంగా వచ్చింది. ఇంకో మాట. సేనాపతి ఇచ్చాడని చెబుతున్న ఆ ఎకరాలు బంగారమైంది బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయి కాలవలు పారాకే. గుణదల పక్కనుంచే ఏలూరు కాలవ పోతోంది. నిజాయితీగా గీస్తే చెట్టు మొదట్లో కత్తి కాదు, లాకు తలుపు గీయాలి.

ఇక రక్తం గొప్పదనమంటారా, ఆ సంగతి అమెరికా కోర్టు ఎప్పుడో తేల్చేసింది. భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ, ఆ దేశపు సైన్యంలో పనిచేసినవాడే, తాను ఉన్నత కులపు ఆర్యుణ్ణి కాబట్టి తెల్లవాడి కిందే లెక్కని పౌరసత్వం కోసం వాదించాడు. 1923లో సుప్రీంకోర్టు కుదరదు పొమ్మంది. ఇచ్చిన పౌరసత్వాలు కూడా కొందరి దగ్గర వెనక్కి లాక్కున్నారు. ఇప్పుడు కోర్టు కూడా అక్కర్లేదు, డీఎన్ఏ పరీక్షకి ఉమ్మి చాలు. మన దేశంలో దాదాపు అన్ని కులాలూ సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా ఒకదాన్లో ఒకటి కలిసినవేనని హైదరాబాద్ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2013లో ప్రకటించారు. సేనాపతి గారి మూలపురుషుడికి గడ్డి కోసేవాడు బావమరిదైనా అయి ఉండొచ్చు.

ఆ 1920లలోనే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో దిగాడు. పొట్ట గడవడానికి ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశాడు. తర్వాత వైద్యం దిశనే మార్చిన మందులెన్నో ఆయన పరిశోధనల్లోంచి వచ్చాయి. అమెరికాలో తొలితరం తెలుగు తాత కావాలంటే ఆయన ఉన్నాడు. కాకపోతే రోగుల మలమూత్రాల గిన్నెలు కడిగిన చేతికి ఫ్లెక్సీవాడు కత్తి ఎలా అతికిస్తాడు?

తిరుగులేని వంశవృక్షం చూడాలంటే దక్షిణాఫ్రికాలోని దర్బన్ వెళ్లాలి. మద్రాసులో బయల్దేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న అక్కడికి చేరింది, 342 మందితో. ఆ ఓడా, దాని వెనక వచ్చినవీ చెరుకుతోటలకి మోసుకెళ్లిన కూలీల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. తెల్లదొర వాళ్లని మనుషుల్లా చూళ్లేదు, సరుకులా చూశాడు. అందుకే సరుకు పట్టీ అంత జాగ్రత్తగా రాశాడు. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా. ఆడకూలీకీ అంతే; సొంత పేరు, సొంత నంబరు. వాళ్ల మునిమనవలు ఆ నంబరు పట్టుకుని ఊరు వెతుక్కుంటూ వస్తున్నారు. కూలీ ఓడలో ఆడదానికి దొరికిన పాటి గౌరవం మన సేనాపతి గారింట్లో దొరకలేదు.

దర్బన్ దాకా దేనికి, కల్యాణమండపం మెట్లు దిగితే గుణదల కొండ. 1924లో ఫాదర్ ఆర్లాటి మేరీమాత విగ్రహం పెట్టించిన చోటు. చర్చిల్లో బాప్తిస్మం రిజిస్టర్లుంటాయి. పాలేరు కొడుకైనా సరే, బిడ్డ పేరు పక్కన తండ్రి పేరుతో పాటు తల్లి పేరూ రాస్తారు. సేనాపతి వంశం వాళ్లు ఫిబ్రవరి తిరునాళ్లకి ఆ కొండ ఎక్కి గుండు చేయించుకుని దిగుతారు గానీ, ఆ పద్ధతి మాత్రం తలకెక్కించుకోరు.

ఆవిష్కరణ అయిన నెలకి న్యూజెర్సీలో మూడో క్లాసు పిల్లకి స్కూల్లో ఫ్యామిలీ ట్రీ హోంవర్క్ ఇచ్చారు. అమ్మమ్మ వాళ్లమ్మ పేరేంటని కుటుంబం వాట్సాప్ గ్రూపులో అడిగింది. కంకిపాడు అమ్మమ్మ అని ఒకరు, చేపల పులుసు బ్రహ్మాండంగా పెట్టేదని ఒకరు, సాక్షాత్తూ లక్ష్మీదేవి అని ఇంకొకరు, దణ్ణాల బొమ్మలు పాతికమంది. పేరు మాత్రం ఎవరికీ తెలియదు. చివరికి గ్రూపు పెద్దాయన రంగంలోకి దిగాడు: ‘‘అది వదిలెయ్యమ్మా. సేనాపతి గారి కత్తి ఫొటో పంపిస్తున్నా, కలర్ ప్రింట్ తీయించి టీచర్‌కి ఇవ్వు.’’