ప్లగ్గులోని పొద్దు: జృంభిణీ వ్యాఖ్యా సహితం

మూలం (ఆటవెలది):

కోడి కూయలేదు గుడిమైకు మోగదు
ప్లగ్గులోని పొద్దు పైకి వచ్చె
ఎరుపు పసుపు తెలుపు లిల్లెల్ల నిండినా
కప్పుకున్న పిల్ల కదలదాయె

అవతారిక. మచిలీపట్నం వలందపాలెంలో ఒక ఇంటి పెద్దాయన ధనుర్మాసపు చీకట్లో మనవరాలి మంచం పక్కన నిలబడి చెప్పిన పద్యమిది. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు హిందూ హైస్కూల్లో పాఠాలు చెప్పిన ఊరు కనుక, బందరులో రిటైరైన గుమాస్తాలకు సైతం ఆటవెలది దాకా చెయ్యి తిరుగుతుంది. సీసం జోలికి మాత్రం పింఛను పెరిగిన నెలలోనే పోతారు.

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి దానికి సంజీవని అని పేరు పెట్టి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ మొదట్లోనే మాట ఇచ్చాడు. మా వ్యాఖ్య పేరు జృంభిణి, అనగా ఆవులింతలు పుట్టించేది. మాట ఏదీ ఇవ్వడం లేదు.

సందర్భం. పిల్ల గుడివాడ వైపు ఒక ఇంజనీరింగు కాలేజీలో చదువుతోంది. పొద్దున్నే పాసింజరు అందుకోవాలి. పెడన, వడ్లమన్నాడు, కవుతరం, గుడ్లవల్లేరు అని దారిలో స్టేషన్లున్నాయి గాని, ఎక్కిన పిల్ల ఎక్కినట్టే నిద్రపోతుంది గనక ఆ పేర్లు తాతగారికే తెలుసు. ఈమెను లేపే బాధ్యత ఇంట్లో ముగ్గురు పంచుకున్నా గిట్టుబాటు కావడం లేదని విని, సియాటిల్‌లో ఉన్న మేనమామ ఒక దీపం పంపించాడు. అరచెయ్యి వెడల్పు గుండ్రటి వస్తువు. లేవాల్సిన వేళ దానికి చెబితే, అరగంట ముందు నుంచే కొద్దికొద్దిగా వెలుగుతూ, చెప్పిన వేళకు గది నింపుతుంది.

సియాటిల్‌లో దానికి అర్థముంది. డిసెంబరు చివర అక్కడ సూర్యుడు ఎనిమిది కావస్తుంటే గాని రాడు, సాయంత్రం నాలుగున్నర దాటక ముందే పోతాడు. చలికాలపు చీకటి కొందరిని జబ్బుగా కుంగదీస్తుందని 1984లో నార్మన్ రోజెంతాల్ అనే వైద్యుడు సహచరులతో కలిసి రాశాక, ఆ దేశాల్లో వెలుతురు కూడా మందుల జాబితాలో చేరింది. బందరులో సూర్యుడు మనల్ని కుంగదీసేది వచ్చినప్పుడే గాని రానప్పుడు కాదు. అయినా మేనమామ కట్నం, వద్దనకూడదు.

ప్రతిపదార్థం. కోడి కూయలేదు = కోడి ఇంకా కూయలేదు. ఇందులో కోడి మీద నింద లేదు. కోడి కూతను నమ్మి అర్ధరాత్రి స్నానానికి బయల్దేరిన గౌతముడి కథ తెలిసినవారెవరూ కోడిని గడియారంగా పెట్టుకోరు. ఆ కూత కూసింది ఇంద్రుడు. లేని తెల్లవారుజామును ఇంట్లోకి తెచ్చిపెట్టిన మొదటివాడు ఆయనే గనక, ఈ దీపాల కంపెనీలన్నిటికీ మూలపురుషుడు ఆయనే అవుతాడు. సంక్రాంతి దగ్గరపడే కొద్దీ మన వైపు పుంజులకు కూయడం కన్నా పెద్ద పనులు పడతాయన్నది కూడా వ్యాఖ్యాతలు గమనించాలి.

గుడిమైకు మోగదు = గుడి మీద లౌడుస్పీకరు మోగే వేళ కాలేదు. ధనుర్మాసంలో మైకు మోగకపోవడమేమిటని శంక. దీపం నాలుగున్నరకే పని మొదలెడుతుంది, మైకు అయిదింటికి గాని గొంతు సవరించుకోదు. కనుక దోషం లేదు.

ప్లగ్గులోని పొద్దు = ప్లగ్గు ద్వారా ఉదయించే సూర్యుడు. ప్లగ్గు అన్యదేశ్యం, వ్యాకరణం ఒప్పుకోదు. గోడ కూడా వెంటనే ఒప్పుకోలేదు. అమెరికా పిన్ను బల్లపరుపు, మన సాకెట్టు గుండ్రం, మధ్యలో సంధి కుదరాలి. కోనేరు సెంటర్లో కొన్న అడాప్టరుతో సంధి కుదిరింది. ఆ సంధికి ఒక అపవాదం ఉంది: రాత్రి కరెంటు పోయి వస్తే దీపం తన వేళ మరచిపోతుంది. మరచిపోయి ఊరుకుంటే బాగుండేది. పన్నెండు నుంచి మళ్ళీ లెక్కపెట్టుకుంటూ, మధ్యాహ్నం అమ్మమ్మ కునుకు తీస్తున్నప్పుడు ఖాళీ గదిలో సూర్యోదయం చేస్తుంది.

ఎరుపు పసుపు తెలుపులు = వరుసగా ఆ రంగులు. మొదట నిప్పు కణిక రంగు, తరువాత నారింజ కలిసిన పసుపు, చివరకు తెలుపు. ఇది మంగినపూడి సముద్రం మీద సూర్యుడు పైకొచ్చే క్రమమే. దీపంలో లేనిది ఉప్పుగాలి ఒక్కటే. వరికోతల ముందు రోజుల్లోనయితే దీపాల చుట్టూ మూగే సన్నటి పచ్చ పురుగులు నాలుగున్నరకల్లా దీని మీద చేరేవి. వాటి కోసం గోడ మీద బల్లి అంతకంటే ముందే సిద్ధంగా ఉండేది. ఈ దీపం పుణ్యాన ఇంట్లో వేళకు లేచిన ఏకైక ప్రాణి ఆ బల్లి.

ఇక్కడ పెద్ద శంక ఒకటి ఉంది. కళ్ళు మూసుకున్న మనిషికి వెలుతురు ఎలా తెలుస్తుంది? రెప్ప వెలుతురును పూర్తిగా ఆపదు, ఎరుపును బాగానే రానిస్తుంది, నీలాన్ని చాలావరకు అడ్డుకుంటుంది. మరి కంటి వెనక పొరలో, చూపుతో పెద్దగా నిమిత్తం లేకుండా ఇది పగలు, ఇది రాత్రి అని మెదడుకు కబురు పంపే కణాలు కొన్ని ఉన్నాయి. వాటిలోని మెలనాప్సిన్ అనే పదార్థం ఎక్కువగా స్పందించేది నీలానికే. అంటే గుమ్మం దగ్గర కాపలావాడు లోపలికి రానిచ్చేది ఒకరిని, లోపల పెద్దాయన ఎదురుచూసేది ఇంకొకరిని. సమాధానం: దీపం మనిషిని లాగి కూర్చోబెట్టదు. గాఢ నిద్రను కొంచెం పలచబరుస్తుంది, ఆ మీదట ఏ గంటో మోగితే లేచేవాడికి మత్తు తక్కువగా ఉంటుంది. అందుకే ఈ దీపాలన్నిటికీ చివర్లో ఒక పిట్టకూతో గంటో పెట్టే ఉంచుతారు. తమ సూర్యుడి మీద తయారుచేసినవాళ్ళకే పూర్తి నమ్మకం లేదని దీనివల్ల ధ్వని.

మరో శంక అమ్మమ్మది. ఇన్ని తంటాలెందుకు, సంక్రాంతి వెళ్తే పొద్దు తొందరగా వస్తుంది, అప్పుడు పిల్లే లేస్తుంది కదా అని. ఉత్తరాయణం మీద ఆవిడకున్న గురి గొప్పదే గాని లెక్క ఒప్పుకోదు. బందరులో డిసెంబరు 21న సూర్యోదయం దాదాపు ఆరున్నరకు. అది ఏడాదిలోకెల్లా చిన్న పగలు గాని, అన్నిటికన్నా ఆలస్యంగా తెల్లవారే రోజు కాదు. ఆ తరువాత కూడా ఉదయం రోజుకు కొంచెం చొప్పున వెనక్కే జరుగుతూ, సంక్రాంతి దాటి జనవరి మూడో వారానికి మరో ఏడెనిమిది నిమిషాలు ఆలస్యమవుతుంది. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి గుండ్రంగా లేకపోవడం, జనవరి మొదట్లో సూర్యుడికి దగ్గరై వేగంగా పోవడం, ఇరుసు వాలు, వీటివల్ల ఆ రోజుల్లో మధ్యాహ్నమే గడియారంలో వెనక్కి జారుతుంది. దాంతోపాటు పొద్దుపొడుపూ జారుతుంది. పగలు పెరిగిన మాట నిజం, ఆ పెరుగుదలంతా సాయంత్రం వైపు పడుతోంది. జూన్ మొదట్లో అయిదున్నరకు పొద్దు పొడిచే ఊళ్ళో జనవరిలో అయిదింటికి లేవడమంటే అర్ధరాత్రి లేవడంతో సమానమని పిల్ల వాదన. ఈ ఒక్క విషయంలో ఖగోళశాస్త్రం పిల్ల పక్షాన ఉంది.

కప్పుకున్న పిల్ల = ముఖం మీదుగా దుప్పటి కప్పుకున్న పిల్ల. దుప్పటి అన్న మాట పద్యంలో లేదు, అధ్యాహారం చేసుకోవాలి. పద్యానికంతటికీ కీలకం ఈ లేని మాటే. ఏడు వేల మైళ్ళ పైచిలుకు ప్రయాణం చేసి వచ్చిన సూర్యుడు రెండు గజాల నూలుగుడ్డ దగ్గర ఆగిపోయాడు.

కదలదాయె = కదలలేదు. ఇక్కడ ప్రమాణం చూపాలి. ధనుర్మాసంలో తిరుమలలో సుప్రభాతానికి బదులు తిరుప్పావై చదువుతారు, మన గుడి మైకుల్లోనూ అదే వస్తుంది. ఆండాళ్ చెప్పిన ఆ ముప్పై పాశురాల్లో పది, ఆరో పాశురం నుంచి పదిహేను దాకా, నిద్రపోతున్న ఆడపిల్లల్ని లేపడానికే సరిపోయాయి. దేవుణ్ణి లేపడానికి అంత పట్టలేదు. పక్షులు కూశాయని చెప్పింది, శంఖం ఊదారని చెప్పింది, పెరుగు చిలికే చప్పుడు వినలేదా అంది, గేదెలు మేతకు పోయాయంది, శుక్రుడు పొడిచి గురుడు క్రుంకాడని ఆకాశాన్ని సైతం సాక్ష్యానికి పిలిచింది. ఇక తొమ్మిదో పాశురంలో ఒక పిల్ల ఉంది. మణుల మేడలో, చుట్టూ దీపాలు వెలుగుతుండగా, ధూపం ఘుమఘుమలాడుతుండగా, పరుపు మీద హాయిగా నిద్రపోతూ ఉంటుంది. బయట చెలులు ఆమెను మేనమామ కూతురి వరసతో పిలుస్తారు. పలక్కపోతే ఆమె తల్లినడుగుతారు, నీ కూతురు మూగదా, చెవిటిదా, ఒట్టి బద్ధకమా అని. చుట్టూ దీపాలున్నా ఆడపిల్ల లేవదని వెయ్యేళ్ళకు పైగా ఈ దేశానికి తెలుసు. సియాటిల్ మామయ్యకు ఈ పాశురం ఎవరూ చెప్పి పంపినట్టు లేదు.

పోనీ లేవకపోవడం అంత తప్పా అంటే, దానికీ ఈ కృష్ణాతీరంలోనే సాక్ష్యముంది. ఘంటసాల దగ్గరి శ్రీకాకుళంలో, కళింగం మీదికి పోతూ ఆగిన కృష్ణదేవరాయలు ఏకాదశి ఉపవాసముండి నిద్రపోయాడు. ఆంధ్ర మహావిష్ణువు కలలోకొచ్చి, తెలుగులో కావ్యం చెప్పమన్నాడు. ఎప్పుడొచ్చాడు? ఆ రాత్రి నాలుగో జామున అని రాయలే రాసుకున్నాడు. నాలుగో జామంటే రమారమి మూడు నుంచి ఆరు. సరిగ్గా మన దీపం పని మొదలెట్టే వేళ. ఆ శిబిరంలో రాయల తలాపిన ఇలాంటిదొకటి ఉండి, నాలుగున్నరకు ఎర్రబడి, అయిదింటికి పిట్టలా కూసి ఉంటే, స్వామి సగం మాటలో ఆగిపోయేవాడు. ఆముక్తమాల్యద ఉండేది కాదు. ఆ కావ్యంలో కథానాయిక ఎవరనుకున్నారు? ఊళ్ళో పిల్లలందరినీ తెల్లవారుజామున లేపిన ఆండాళే. అందర్నీ లేపిన మనిషి కథ ఒకాయన నిద్రలో పుట్టింది. ఈ చమత్కారాన్ని పిల్లకు చెప్పకుండా ఉండవలసిందని వ్యాఖ్యాత మనవి. చెబితే రేపటి నుంచి తనకూ నాలుగో జామున కావ్యాలు వస్తున్నాయంటుంది.

దోషవిచారం. రెండో పాదం చివర 'వచ్చె', మూడో పాదం మొదట 'ఎరుపు'. వచ్చె నెరుపు అని కలపాలి. కలపలేదు, విసంధి. అయిదింటికి లేచి పద్యం చెప్పేవాడి దగ్గర ద్రుతం అడగడం అన్యాయం.

అలంకారం. విశేషోక్తి. కారణమంతా ఉండి కార్యం పుట్టకపోవడం దాని లక్షణం. అలంకారశాస్త్రంలో ఇంతకన్నా చక్కటి ఉదాహరణ ఇంజనీరింగు విద్యార్థుల ఇళ్ళలో తప్ప దొరకదు.

తాత్పర్యం. లేవలేదు.

పాఠాంతరం. నాగాయలంక, కోడూరు వైపు ప్రతుల్లో నాలుగో పాదం వేరేగా ఉంది: 'ఏరేటరాగినంత నెగిరి లేచె'. సందర్భం రొయ్యల చెరువు. అక్కడ గట్టు మీద పాకలో పడుకునే రైతుకు రాత్రంతా చెవి పక్కన ఏరేటర్లు నీళ్ళు చిలుకుతూనే ఉంటాయి. ఆ మోతలో ఆయన గుర్రుపెట్టి నిద్రపోతాడు. పగలంతా ఎండలో ఆక్సిజన్ చేసిన నీటి నాచు రాత్రి కాగానే తానూ పీల్చుకోవడం మొదలెడుతుంది. రొయ్యలు పీలుస్తాయి, అడుగు మట్టి పీలుస్తుంది. అందుకే సరిగ్గా తెల్లవారబోయే ముందు చెరువులో డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, అన్ని వేళల కన్నా తక్కువకు పడిపోతుంది. లీటరుకు నాలుగు మిల్లీగ్రాములు ఉంటే ధైర్యం, మూడు కిందికి దిగితే రొయ్య పైకి తేలుతుంది. ఆ వేళ కరెంటు పోయిందా, ఏరేటరు ఆగుతుంది. ఆగిన క్షణం ఆ రైతు లేచి కూర్చుంటాడు. దీపం లేదు, గంట లేదు, ఎవరూ పిలవలేదు. మోత ఆగడమే ఆయనకు పిలుపు. చెప్పులు కూడా వెతుక్కోకుండా జనరేటరు దగ్గరికి పోయి, డీజిలు చూసి, తాడు లాగి, అది దగ్గి అందుకునే లోపు పక్క గట్టు వాడికి ఫోను కొట్టి, "బావా, మీకూ పోయిందా? ఇక్కడ మోత ఆగిపోయింది, రొయ్య తేలిపోద్ది, గబగబా లే" అని అరుస్తాడు.

ఈ పాఠం ఛందస్సుకు నిలవదు. పాదం మొదట సూర్యగణం ఉండాల్సిన చోట 'ఏ', 'రే' అని రెండు గురువులు పడ్డాయి. యతి సంగతి అడగనే కూడదు. బందరు పండితులు దీన్ని ప్రక్షిప్తమని కొట్టేశారు. వలందపాలెం పెద్దాయన మాత్రం ఒక రాత్రి ఆలోచించి, మర్నాడు అయిదింటికి దీపం వెలుగుతూ ఉండగానే మనవరాలి మంచం పైన తిరుగుతున్న ఫ్యాను ఆపేశాడు. గణాలు తప్పినా పాఠం గ్రాహ్యమేనని ఆయన తీర్మానం.