వానొచ్చాక సూది

మే నెలాఖరులో గంపలగూడెం వైపు కొన్ని పాకలు ఉన్నట్టుండి ఖాళీ అయిపోతుంటాయి. గొడ్లు మేతకు పోయాయనుకునేరు. మామిడి తోటలో దాక్కున్నాయి. గొంతువాపు టీకా వేసేవాళ్ళు ఊళ్ళోకి వస్తున్నారట. ఈ కబురు గేదెలకు ఎలా తెలిసిందంటారా? వాటికేం తెలుసు పాపం, తోలుకుపోయిన ఆసాములకు తెలుసు.

దొరికినవాణ్ణి అడిగితే రెండే జవాబులు. "పాలు తగ్గిపోతాయండీ" అనేది ఒకటి. "మాది చూడి పడ్డండీ, సూదేస్తే ఈసుకుపోద్ది" అనేది రెండోది. సూది వేస్తే ఒకటి రెండు రోజులు చెంబెడు పాలు తగ్గితే తగ్గొచ్చు, నిజమే. గొంతువాపు వస్తే మాత్రం పాలు తగ్గవు, గేదే తగ్గుతుంది. ఇక చూడి సంగతా, మీ పడ్డ ఎన్నో నెలలో ఉందో, సూది వేయొచ్చో లేదో చెప్పడానికే ఆ వచ్చినాయన చదువుకున్నాడు. ఆయన్ని అడగొచ్చు. కానీ అడిగితే 'వేయొచ్చు' అంటాడేమోనని భయం.

జూన్‌లో నాలుగు చినుకులు పడతాయి. కట్టలేరులో ఎర్రనీళ్ళు దిగుతాయి. గట్ల మీద పచ్చిక మొలుస్తుంది. ఊరంతటికీ ఆనందమే, గొంతువాపు తెచ్చే సూక్ష్మజీవికి కూడా. పొద్దున కుడితి తాగని గేదె మధ్యాహ్నానికి తల వాల్చేస్తుంది. ఒళ్ళు కాలిపోతుంటుంది, నోటివెంట చొంగ కారుతుంటుంది. గొంతు కింద వాపు రొమ్ముదాకా దిగి, ఊపిరి తీసినప్పుడల్లా గురక. గురకవ్యాధి అని పెద్దలు ఊరికే పేరు పెట్టలేదు. ముదిరితే ఒక్క రోజు కూడా టైమివ్వదు. ఆవులకంటే గేదెలకే దీని దెబ్బ ఎక్కువ.

ఆ ఒక్క రోజును మనం ఎలా ఖర్చు పెడతామో చూడాలి. మొదటి రెండు గంటలూ చుట్టూ చేరినవాళ్ళ తీర్పులకు సరి. దిష్టి అంటాడొకడు. పురుగు ముట్టిందంటాడు ఇంకొకడు. తర్వాత మంత్రం. అదీ పనిచేయకపోతే కొడవలి ఎర్రగా కాల్చి, వాచిన గొంతు మీదే వాత. ఊపిరాడక చస్తున్న జీవానికి మనం చేసే ప్రథమ చికిత్స అది. దానిక్కూడా దక్షిణ ఉంది, తాంబూలంలో పెట్టి మరీ ఇస్తాం. సాయంత్రానికి సంచీ తగిలించుకుని బండి మీద ఒకాయన దిగుతాడు. ఆయనకు పట్టా లేదు, ధైర్యం ఉంది. ఏ రోగానికైనా మూడు సూదులు. ఏమిటవి అని అడిగితే "పవరు" అంటాడు. ఆ పవరుకు పన్నెండొందలు తీసుకుంటాడు. మే నెలలో ఊరికే వేస్తామన్న సూదికి పరిగెత్తిన మనమే, ఈ సూదికి జేబులు తడుముకుంటాం.

ఆ సంచీలో ఉండే మందుల గురించి ఒక ముక్క చెప్పుకోవాలి. పశువులకు డైక్లోఫినాక్ అనే నొప్పిమందు వాడకూడదని 2006లోనే మన దేశం నిషేధించింది. ఆ మందు పడ్డ కళేబరాలు తిని రాబందులు మూత్రపిండాలు చెడి, కోట్ల లెక్కన చచ్చాయి. మనుషులకని చేసిన పెద్ద సీసాలు గొడ్ల సంచుల్లోకి చేరుతున్నాయని 2015లో సీసాను మూడు మిల్లీలీటర్లకు కుదించారు కూడా. చచ్చిన గేదెను ఊరవతల పడేస్తే చూసి పోవడానికి ఇప్పుడు రాబందు కూడా రాదు. కుక్కలొస్తాయి.

అర్ధరాత్రి, అన్నీ అయ్యాక, ఎవరికో 1962 నంబరు గుర్తొస్తుంది. (చైనా యుద్ధం జరిగిన సంవత్సరం కాదు నాయనా, పశువుల అంబులెన్సు నంబరు. 2022 మే నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆ బళ్ళు తిరుగుతున్నాయి.) తెల్లారి డాక్టరుగారు వచ్చేసరికి ఆయన చేయగలిగిన వైద్యం ఒక్కటే, శవపరీక్ష. అప్పుడు ఊరికి ఇంకో సంగతి గుర్తొస్తుంది: బీమా. "చెవికి పోగుందా?" అని అడుగుతారు. పన్నెండంకెల పసుపుపచ్చ బిళ్ళ. కిందటేడు వేయబోతే, చెవి చీముపడుతుందని మనమే వద్దన్నాం. బీమాకు పోగే గుర్తు. గేదె చచ్చిందనడానికి ఊరంతా సాక్ష్యమే. అది మన గేదే అనడానికి మాత్రం సాక్ష్యం లేదు.

గాలికుంటు కథా ఇంతే. దేశం మొత్తం మీద గాలికుంటునూ, ఈసుకుపోవడానికి అసలు కారణాల్లో ఒకటైన బ్రూసెల్లానూ తరిమేస్తామని 2019 సెప్టెంబరులో 13,343 కోట్లతో కార్యక్రమం పెట్టారు. ఆరు నెలలకోసారి గాలికుంటు టీకా ఇంటికే వస్తుంది. మనం ఇంట్లో ఉండం.

వైద్యుడు లేక పశువులు చావడం మనకు కొత్త కాదు. మన మోటుపల్లి రేవు గురించి రాసిన మార్కోపోలోనే, పదమూడో శతాబ్దం చివర, దక్షిణాన పాండ్యరాజుల గుర్రాల గురించీ రాశాడు. ఏటా ఓడల్లో వచ్చే వేల గుర్రాలను కొనేవారట. ఏడాది తిరిగేసరికి పిడికెడు మిగిలేవట. అన్నమూ మాంసమూ వండి పెట్టేవారు, గుర్రపు వైద్యం తెలిసినవాడు ఒక్కడూ లేడు. అమ్మే వర్తకులు వైద్యుణ్ణి వెంట తేరు సరికదా, రానివ్వరు కూడా అని రాశాడాయన. గుర్రాలు చస్తేనే కదా మళ్ళీ బేరం! తర్వాత మన మనుమంచి భట్టు గుర్రాల శాస్త్రాన్ని తెలుగు పద్యాల్లో పెట్టాడు. పద్యాలు మిగిలాయి. గుర్రాలంటారా, 2012లో దేశం మొత్తానికి ఆరు లక్షల పాతికవేలుంటే 2019 లెక్కకు మూడు లక్షల నలభైవేలయ్యాయి. ఉన్నవాటిలో కొన్ని మే నెల ఎండలో, డీజే మోతలో, పెళ్ళికొడుకుల బరువు మోస్తున్నాయి. వాటికి నీళ్ళు పట్టారా అని అడిగిన పెళ్ళివారిని నేనింకా చూడలేదు.

ఆ గుర్రాల వర్తకులు పాపం కష్టపడి వైద్యుణ్ణి ఆపాల్సి వచ్చింది. మన సంచీవాళ్ళకు ఆ శ్రమ లేదు. మనమే ఆపిపెడుతున్నాం.

అలాగని సలహాలు అచ్చేసేవాళ్ళు తక్కువ తిన్నారని కాదు. వేసవి కరపత్రం చూడండి: "పశువులను ఫ్యాన్లు, ఫాగర్లు గల షెడ్లలో ఉంచవలెను." ఇంట్లో ముసలమ్మకు లేని ఫ్యాను గేదెకు. రేకుల మీద వరిగడ్డి పరిచి పూటకోసారి తడపండి, చెరువెండితే ఒంటిమీద నాలుగు బిందెలు కుమ్మరించండి అని రాస్తే కాగితం సరిపోదా? తొలకరికి మళ్ళీ మొలిచిన జొన్న పిలకల్లో విషం ఉంటుందన్న మాట చివరి పేరాలో, చీమతలకాయ అక్షరాల్లో ఉంటుంది. గొడ్డు ఆ పిలకలు (నాము) తిని పొలంలోనే కూలబడేది మొదటి వానకే, ఆ పేరా చదివే ఓపిక వచ్చేలోపే.

గొంతువాపు టీకా వేయించిన రోజే పనిచేయదు, ఒంటికి పట్టడానికి రెండు మూడు వారాలు పడుతుంది. వాన దానికోసం ఆగదు. మే నెలలో ఆ బండి మీ వీధిలోకి వచ్చినప్పుడు గేదెను మామిడితోటకు తోలకండి, గుంజకు కట్టేసి ఉంచండి.