పదోన్నతులు, పదచ్యుతులు

పదమనగా మాటయు అగును, హోదాయు అగును. ఈ శ్లేషను బోధించుటకు సైనిక్‌పురిని మించిన పాఠశాల లేదు. విశ్రాంత సేనానులకై వెలసిన ఈ కాలనీలో గేటుగేటునకు ఒక పలక, పలకమీద పేరుకు ముందొక హోదా, పేరు చివర విశ్రాంతుడన్న ముక్తాయింపు నుండును. మనుష్యులు సంపాదించిన హోదాతోనే ఇల్లు చేరుదురు. మాటలకు ఆ భాగ్యము లేదు. కొలువులో ఉండగనే కొన్ని పైకెక్కును, కొన్ని జారిపడును, మరికొన్ని కోర్టు మార్షలు పాలై తిట్లుగ మిగులును.

సుబేదారును చూడుడు. 1724లో దక్కను సుబేదారైన నిజాముల్ముల్కు, ఢిల్లీ పాదుషాకు సలాము మాత్రము మిగిల్చి తక్కిన అధికారమునంతయు గుప్పిట పెట్టుకొని ఆసఫ్‌జాహీ రాజ్యమును నిలిపెను. అనగా నాడు సుబేదారు తలచుకొన్నచో రాజవంశము పుట్టెడిది. ఆయన సంతతివారి యేలుబడిలోనే ఆ మాట ఒక మెట్టు దిగి, వరంగలు, మెదకు వంటి సుబాలను కనిపెట్టుకొనియుండు అధికారికి పరిమితమయ్యెను. నేటి సైన్యమున సుబేదారు లెఫ్టినెంటునకు సలాము చేయును. మా వీధిచివరనున్న విశ్రాంత సుబేదారుగారు పాలప్యాకెట్ల సంచి చేతబట్టుకొని, ట్యాంకరు రాలేదని సంక్షేమసంఘమువారికి మొరపెట్టుకొనుచున్నప్పుడెల్ల, మూడువందల యేండ్లలో ఒక మాట ఎంతదూరము దిగిరాగలదో కన్నులకు కట్టును. ఆయన మాత్రము చింతింపరు. "నీళ్లు రాకపోతే ఆసఫ్‌జా అయినా ఇంతేనండీ" అందురు.

ఎక్కినవియు లేకపోలేదు. మనుధర్మశాస్త్రమున వివాదపదములు పదునెనిమిది. అందు సాహసమొకటి, బలాత్కారముగ చేయు నేరమని అర్థము. అపరాధ రుసుమునకును అదియే పేరు: ప్రథమసాహసము 250 పణములు, మధ్యమము 500, ఉత్తమము 1000. అట్టి ముద్దాయి నేడు రాష్ట్రపతి భవనమున ఛాతీ విరుచుకొని నిలువబడి పతకములు తగిలించుకొనుచున్నది. వేదాంగమైన శిక్ష మాత్రము నేర్చుకొనుటనుండి దండనమునకు జారినది. మన ఇంటర్మీడియెటు హాస్టళ్లను చూచివచ్చిన తల్లిదండ్రులు ఆ రెండర్థములును మరల కలిసిపోయినవని సాక్ష్యమీయగలరు.

ఈ సర్వీసు రికార్డులను తిరుగవేయుచుండగా నాకొక పక్షపాతము కనబడినది. బలవంతుల మాటలు వారి బలము పోయిన పిమ్మటగాని చెడవు. నిర్భాగ్యుల పేర్లకో, వారు బ్రదికియుండగనే దుర్గతి పట్టును. పిడికెడు గింజలైన ముష్టి ఈసడింపైనది, సర్వము విడిచిన సన్న్యాసి ఎందుకును పనికిరాని సన్నాసియైనాడు. అన్నింటిలోను ఘోరము వెధవది. భర్తను పోగొట్టుకొన్న విధవ దైన్యమును తీసికొనిపోయి పరీక్ష తప్పిన కొడుకునకును, పని యెగగొట్టిన గుమాస్తాకును, తుదకు ఎండకును, పోయిన కరెంటునకును అంటగట్టితిమి. పునర్వివాహ చట్టము 1856లోనే వచ్చినది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు వితంతు వివాహమును చేసి చూపిరి. స్త్రీలకు విముక్తి దొరికినదిగాని మాటకు దొరకలేదు. "ఒరే వెధవా, అన్నం తిని పోరా!" అని తల్లి ముద్దుగ కేకవేసినప్పుడు అందులో వితంతువును వినువారు ఒక్కరును లేరు. సైన్యపు కార్యాలయములలోనో, రణరంగమున భర్తను కోల్పోయిన స్త్రీని 'వీర్ నారి' అని వ్రాయుదురు. ఒకే దురదృష్టమునకు రిజిస్టరులో బిరుదు, వీధిలో తిట్టు. ఉత్తరువుతో పుట్టిన మాట దరఖాస్తు ఫారము దాటి రాలేదు. ఏ ఉత్తరువును లేని మాట మాత్రము వంటింట కాపురమున్నది.

బలవంతుల మాటకు రజాకారు నిదర్శనము. స్వచ్ఛందముగ సేవచేయువాడని దాని అర్థము. ఖాసిం రజ్వీ అనుచరుల సేవను చవిచూచిన తెలంగాణ పల్లెలు ఆ మాటను తిట్ల పెట్టెలో వేసి తాళము బిగించినవి. అదే అర్థముగల వలంటీరునకు 2019లో పొరుగు రాష్ట్రమున నెలకు 5,000 రూపాయల గౌరవవేతనముతో కొలువు దొరకినది. 1948 సెప్టెంబరులో ట్యాంకులతోడను విమానములతోడను సైన్యము కదలివచ్చిన దండయాత్రకు 'పోలీసు చర్య' అని నామకరణము చేసిరి. ఇందు పోలీసెవడని అడిగినచో మా సేనానులు మీసములలోనే నవ్వుకొందురు. నిజాము లొంగిన సెప్టెంబరు 17ను కేంద్రమువారు విమోచనమనియు, 2022లో రాష్ట్రమువారు సమైక్యతయనియు, 2024లో వారి వెనుక వచ్చినవారు ప్రజాపాలనయనియు పండుగ చేసిరి. ఆనాడు ఏమి జరిగినదో తెలియవలెనన్నచో ఈనాడు ముఖ్యమంత్రి ఎవరో ముందుగ విచారించుట మేలు.

దొరకు ఊరొక హోదా. మన్యమున గంటందొర, మల్లుదొర అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన వీరులు. కోస్తాలో దొరయనగా తెల్లవాడు. తెలంగాణలో గడీలో కూర్చుండి వెట్టి చేయించుకొన్నవాడు. ఎన్నికలసభలలో ఇప్పుడు ప్రత్యర్థిని దొరయని తిట్టుట రివాజు. తిట్టినవాడు దిగివచ్చిన కారును చూచినచో ఇద్దరిలో దొరయెవడో తేల్చుట కష్టము. ఇక లష్కరు: 1806లో సికందర్ జా పేరు పెట్టుకొన్న మన దండు ఊరికి జనుల నోట నిలిచిన పేరు. ఆషాఢమున పత్రికలో ఒక పుటలో లష్కర్ బోనాలు, వేరొక పుటలో అదే మాటకు తోక తగిలించుకొన్న ఉగ్రవాదుల ముఠా. రెంటిని ఒకే కాఫీతో చదువుచున్నాము.

పండితులును తక్కువ తినలేదు. గ్రామమునకు చెందినది గ్రామ్యము. అంతమాత్రమునకే జనుల నోటి తెలుగునంతయు వెలివేసిరి. గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడి ఆ వెలిని తొలగించిరి. ఆయన జన్మదినమైన ఆగస్టు 29న భాషాభిమానులు సభలు చేయుదురు. ఇప్పుడు వెలి గ్రాంథికమునకు. ఈ వ్యాసపు చిత్తుప్రతిని చూచిన మా మనుమడు "తాతా, కిరాక్ ఉంది" అనెను. అది పొగడ్తయేనని అతని తల్లి హామీయిచ్చినది. వాని మిత్రబృందము మా వీధి కాఫీదుకాణమున ఒకరినొకరు "హౌలే" అని పిలుచుకొని కౌగిలించుకొందురు. నన్ను మాత్రము "అంకుల్, జర జరగండి" అని మర్యాదగ అవమానింతురు.

మర్యాదమాటతో తిట్టుట మనకు కొట్టిన పిండి. మేల్కొన్నవాడైన ప్రబుద్ధుడు నేడు ఇంటి పత్రములు తాకట్టుపెట్టిన కొడుకునకు బిరుదు. కైంకర్యము దేవునకు చేయు సేవ. నిధులు కైంకర్యమైనవని చదివినచో దేవునకు చేరినవని ఎవ్వడును భ్రమపడడు. ఈ వరుసలో క్రొత్తగ చేరినవాడు మేధావి. వార్తాచానళ్ల చర్చలలో "మీ మేధావులు" అని ఒకరు వ్రేలు చూపగానే ఎదుటివారు పరువునష్టము జరిగినట్లు లేచి నిలువబడుచున్నారు. ఇది తెలియక సంక్షేమసంఘమువారు గణతంత్రదినపు ఆహ్వానపత్రికలో నా పేరుకు ముందు మేధావియని అచ్చువేయ బూనిరి. ప్రూఫు నాకు చూపుట నా పుణ్యము. ఆ మాటను కొట్టివేసి పింఛనుదారు అని దిద్ది పంపితిని. దాని విలువ జనవరిలో ఒకసారి, జులైలో ఒకసారి, కరవుభత్యముతోపాటు పెరుగుచున్నది.